ఎర్రమట్టి చొక్కా

మా సువోయ్ దా ఊళ్ళో కోడి కంటే ముందు లేచేది వార్డు ఆఫీసు మైకు. కరెంటు స్తంభానికి కట్టిన ఆ మైకు ఆ నెలంతా ఒకటే పాట అందుకుంది. మన సరుకు మనమే కొనాలి, మన నేల పంటే మన పళ్ళెంలో ఉండాలి, నెలాఖరున దాలాత్ పట్నం మైదానంలో స్వదేశీ సరుకుల సంత జరుగుతుంది, రైతులందరూ తరలి రావాలి. చెప్పేది వార్డు ఉపాధ్యక్షుడు లువాంగ్. ఆయన గొంతు బాగుంటుంది. ఆ గొంతు చూసే పదవి ఇచ్చారని మా ఊళ్ళో అనుకుంటారు.

మైకు స్తంభానికి ఎదురుగానే ఆలుగడ్డల వ్యాపారి ఖ్వాత్ షెడ్డు. లువాంగ్ మన నేల గురించి చెబుతున్న వేళకే ఉత్తరాన సరిహద్దు నుంచి వచ్చిన లారీలు షెడ్డు ముందు వెనక్కి తిరిగి నిలబడేవి. వాటి నిండా చైనా ఆలుగడ్డ. ఏ బస్తా విప్పినా అచ్చులో పోసినట్టు ఒకే సైజు, నున్నటి మందపాటి తోలు. మా ఆడవాళ్ళు రబ్బరు బూట్లు వేసుకుని పొద్దున్నే ఆ పనికి పోతారు. జల్లించిన ఎర్రమట్టిని టార్పాలిన్ మీద పరిచి నీళ్ళు చిలకరిస్తారు. దాని మీద గడ్డలు పోసి, నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని, ఉయ్యాలలో బిడ్డని ఊపినట్టు మెల్లగా ఊపుతారు. తెల్లగా పడుకున్న గడ్డలు ఎర్రగా లేస్తాయి. మట్టి అందని గుంటల్లో ఒకామె బ్రష్షుతో అద్దుకుంటూ వస్తుంది. కాసేపు గాలికి ఆరాక గోనెల్లో కుట్టి సైగాన్ నగరానికి పోయే లారీ ఎక్కిస్తారు.

ఆ పనికి మా ఊళ్ళో పేరు చొక్కా తొడగడం. అందులో రహస్యమేమీ లేదు. బజార్లో ఎదురుపడితే, "ఇవ్వాళ ఎన్ని బస్తాలకి తొడిగావే?" అని అడుగుతారు, కూర ఏం వండావని అడిగినట్టు.

సైగాన్ వాళ్ళకి దాలాత్ గడ్డంటే ఎర్రమట్టి. మట్టి ఉంటే మనది, మట్టి లేకపోతే పరాయిది. అంతకు మించిన గుర్తు వాళ్ళకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఇంటికి తీసుకెళ్ళగానే కుళాయి కింద పెట్టి ఆ గుర్తు కాస్తా కడిగేస్తారు. మిగిలినదాన్ని వండుకుని, ఎంతైనా మన నేల రుచే వేరు అనుకుంటారు. ఆ గడ్డనీ సరిహద్దు అవతల ఎవరో ఒకావిడ నడుము వంచి పండించే ఉంటుంది. అది వాళ్ళ ఊరి సొంత గడ్డే. మా షెడ్డులో దిగాక దానికా ఊరూ లేదు, ఆవిడా లేదు.

అసలు గడ్డ పండించేవాళ్ళు మా ఊళ్ళో ఇంచుమించు అయిపోయారు. కొండవాలు చేలన్నీ పూలతోటల కంపెనీలకి కౌలుకిచ్చేశారు. ఎటు చూసినా ప్లాస్టిక్ గుడారాలే, ఎండ పడితే ఊరు ఊరంతా పెద్ద పాల కవరులా మెరుస్తుంది. కప్పు లేకుండా మిగిలిన చేను హ్వేది. దాని కింద నా సీమ వంకాయ పందిరి. అందుకే ఈ సంగతంతా నా కళ్ళముందే జరిగింది.

హ్వేకి యాభై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. నోరు మాత్రం మనిషి కంటే పొడుగు. మొగుడు కాంగ్ నెమ్మదస్తుడు, ఆమె పది మాటలకి ఒక మాట అంటాడు, అదీ ఆమె వినదు. ఆమె చేను ఎంత ఎర్రగా ఉంటుందంటే వాన కురిసినప్పుడు నా పందిరి కిందికి పారే నీళ్ళు చూసి కొత్తవాళ్ళు ఏదో జంతువుని కోశారనుకుంటారు. మిగతా కొండల మట్టి మందులకీ సున్నానికీ బూడిద రంగు తిరిగిపోయింది. ఖ్వాత్ షెడ్డుకి మంచి రంగు దొరకడం కష్టమైంది. అతని కన్ను హ్వే చేను మీద పడింది. పంట కోసమైతే కాదు.

ఆ సాయంత్రం కాంగ్ నన్ను కూడా పిలిచాడు. వాకిట్లో ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి ఆర్టిచోకు టీ పోశాడు. ఖ్వాత్ అప్పటికే కూర్చుని ఉన్నాడు, తోలు బూట్లు మడమల దగ్గర తుడుచుకుంటూ.

"మూడేళ్ళకి ఇవ్వు వదినా," అన్నాడు. "జేసీబీ పెట్టి పైన మోకాలి లోతు తీసుకుంటా. ఆ తర్వాత చేను నీదే."

"మోకాలి లోతు తీశాక మిగిలేదాన్ని చేను అనరు, గొయ్యి అంటారు," అంది హ్వే. "దాన్లో ఏం నాటాలి, నిన్నా?"

ఖ్వాత్ నవ్వాడు. అతనికి కోపం రాదు. కోపం వచ్చేవాడు ఆ వ్యాపారం చెయ్యలేడు. "నోరంటే మా వదినదే. దీనికి మాత్రం లేబుల్ అక్కర్లేదు, ఎవరు విన్నా ఈ ఊరి సరుకేనంటారు."

కాంగ్ టీ కప్పులోకి చూస్తూ అన్నాడు. "ఏమే, ఒకసారి ఆలోచించు. పోయినసారి గడ్డలు అమ్ముడుపోక మొలకలొచ్చాయి. అంతకుముందూ అంతే. ఎన్నాళ్ళని పందులకి వండిపెడతాం?"

"పందులే నయం. మట్టి చూసి తినవు."

"మళ్ళీ అదే మాట."

హ్వే చేతులు పాత స్వెటరుకి తుడుచుకుని ఖ్వాత్ ఎదురుగా కూర్చుంది. "సరే. సంత అవనీ. సైగాన్ సూపర్‌మార్కెట్ వాళ్ళు వస్తున్నారంట కదా, నిజమైన మన గడ్డ ఏడాది పొడుగునా కొంటామని. పొద్దస్తమానం లువాంగ్ అరుస్తున్నాడుగా. వాళ్ళు నా గడ్డ తీసుకుంటే ఇక నువ్వు నా చేనువైపు చూడకూడదు. తీసుకోలేదా, జేసీబీ తెచ్చుకో. మాటంటే మాటే."

"నేనూ సంతలో దుకాణం పెడుతున్నా వదినా," అన్నాడు ఖ్వాత్ మెల్లగా.

"పెట్టుకో. స్వదేశీ సంతకి నువ్వు రాకపోతే కళే ఉండదు."

"పెద్దన్నా, నువ్వు విన్నావుగా?" అని ఖ్వాత్ నావైపు తిరిగాడు. విన్నానని తలూపాను.

సంతకి ముందురోజు పందిరి కింద కాయలు కోస్తుంటే పైన నీళ్ళ చప్పుడు వినిపించి వెళ్ళాను. హ్వే తొట్టి దగ్గర కూర్చుని గడ్డలు కడుగుతోంది. ఆమె గడ్డల తోలు ఉల్లిపొరంత పల్చన, గోరు తగిలితే లేచిపోతుంది. అందుకని మెత్తటి పాత బనీను గుడ్డతో ఒక్కొక్కదాన్నే పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడుస్తోంది. లేత గులాబీ రంగువి కొన్ని, పసుపువి కొన్ని. ఒకటి పిడికిలంత, ఇంకొకటి కోడిగుడ్డంత, దాని పక్కన గోలీకాయంత.

"కడిగితే నిలవుండవు కదా అమ్మాయ్," అన్నాను.

"రేపొక్కరోజు ఉంటే చాలు పెద్దన్నా."

"మట్టితోనే తీసుకుపోతే పోయేది."

ఆమె తల ఎత్తలేదు. "ఖ్వాత్ గడ్డల పక్కన నా గడ్డలు అదే ఎర్ర చొక్కా తొడుక్కుని నిలబడాలా? ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? చొక్కా అవసరమున్నవాళ్ళు తొడుక్కోనీ. నావి బట్టల్లేకుండా నిలబడతాయి. సిగ్గుపడాల్సింది నావి కాదు."

నాకూ అది సబబుగానే తోచింది. ఊళ్ళో పుట్టి పెరిగిన మాకు గడ్డని చూస్తే ఎవరి చేనుదో తెలిసిపోతుంది. అందరికీ అట్లాగే తెలుస్తుందనుకున్నాం.

సంత రోజు సన్నగా తుంపర పడుతోంది. మైదానంలో నీలం గుడారాలు, వేదిక మీద పూలకుండీలు. ఖ్వాత్ దుకాణం వేదిక పక్కనే. వెదురు బుట్టల్లో ఎర్రగా గడ్డలు, మీద ఎండుగడ్డి, పక్కన పొడుగు పట్టు అంగీ, ఆవ్ జాయ్, వేసుకున్న పిల్ల. ప్రతి బుట్టకీ వార్డు సహకార సంఘం ఇచ్చిన గుండ్రని స్టిక్కరు, 'దాలాత్ గడ్డ, మన నేల పంట'. హ్వే కూడా స్టిక్కరు అడిగింది. రెండేళ్ళ అమ్మకాల రసీదులు తెమ్మన్నారు. అమ్ముడుపోనివాటికి రసీదులు ఎవరిస్తారు? ఖ్వాత్ గడ్డలకి సరిహద్దు కాగితం, తనిఖీ కాగితం, రవాణా కాగితం, అన్నీ ఉన్నాయి. ఇన్ని కాగితాలున్నవాటికి ఇంకొకటి ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి వెనకాడలేదు. హ్వే గడ్డలు నేలలోంచి వచ్చాయి, అంతే.

ఆమెకి చివరి గుడారంలో, తాత్కాలిక మరుగుదొడ్ల పక్కన చోటిచ్చారు. కాంగ్ బుట్టలు సర్ది స్టూలు మీద కూర్చున్నాడు. నేను నా సీమ వంకాయలు నాలుగు ఆ మూలే పెట్టుకున్నాను.

సూపర్‌మార్కెట్ నుంచి కొనుగోళ్ళు చూసే ఆవిడ వచ్చింది. పేరు క్వేన్. ముప్పై దాటి ఉండవు, తెల్ల బూట్లు, మర్యాదస్తురాలు. వెనక ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లతో వీడియో తీస్తున్నారు. గొడుగు పట్టింది లువాంగ్.

"పిన్నిగారూ, ఇవేంటి?" అంది క్వేన్ హ్వే బుట్ట ముందు ఆగి.

"ఆలుగడ్డలు."

"అది తెలుస్తోందండీ. ఎక్కడివి?"

"నా చేనువి."

"మరి మట్టేదండీ?"

"చేనులో ఉంది."

పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు. క్వేన్ కూడా నవ్వింది, కానీ ఒక గడ్డ తీసి వేళ్ళ మధ్య తిప్పి మళ్ళీ పెట్టేసింది. "దాలాత్ గడ్డకి మట్టి ఉంటుంది పిన్నిగారూ. మా కస్టమర్లు ముందు చూసేదే అది."

"మీ కస్టమర్లు మట్టి తింటారా?"

"కోపం తెచ్చుకోకండి. ఇంత నున్నగా కడిగి పెడితే చైనా గడ్డ అనుకుంటారు. మాకు ట్రైనింగులోనే ఫొటోలు చూపిస్తారు. మట్టి ఉన్నది మనది, నున్నగా ఉన్నది వాళ్ళది. ఇది స్వదేశీ సంత కదా, ఇలాంటివి పెడితే మీకే మాట వస్తుంది."

హ్వే మొహం ఆమె చేనుకంటే ఎర్రబడింది. క్వేన్‌ని వదిలేసి లువాంగ్ వైపు తిరిగింది. "ఏమయ్యా లువాంగ్, గొడుగు పట్టింది చాలు, నోరు విప్పు. మీ అమ్మ నిన్ను నా చేను గట్టున బొంత మీద పడుకోబెట్టి గడ్డలు తవ్వడానికి వచ్చేది. నువ్వు మొదట నోట్లో పెట్టుకున్న మట్టి ఆ మట్టే. చెప్పు ఈవిడకి, ఇవి ఎక్కడివో."

లువాంగ్ జేబుకున్న బ్యాడ్జీ సరిచేసుకున్నాడు. ఆ మంచి గొంతు కాస్త తగ్గించాడు. "అక్కా, నేను చెబితే పక్షపాతం అంటారు. రుచి కమిటీ ఉంది కదా, అది తేలుస్తుంది."

ఈలోగా ఖ్వాత్ కూడా వచ్చి నిలబడ్డాడు. అంతా విని, క్వేన్ పక్క దుకాణానికి కదిలాక, నిజంగానే జాలిపడి అన్నాడు. "పోనీలే వదినా. షెడ్డు నుంచి తెచ్చిన మట్టి నా దగ్గర అరబస్తా ఉంది. కావాలంటే నీక్కాస్త ఇస్తా. ఎంతైనా ఒక ఊరివాళ్ళం."

హ్వే తన బుట్టల్ని ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

రుచి కమిటీ వేదిక మీద కూర్చుంది. ఒక హోటలు యజమాని, టీవీలో వంటలు చేసే ఒకావిడ, పత్రికాయన ఒకరు, క్వేన్, లువాంగ్. ఉప్పు కూడా వెయ్యకుండా ఉడికించిన గడ్డలు రెండు పళ్ళేల్లో తెచ్చి పెట్టారు. ఏది ఎవరిదో చెప్పలేదు. చెప్పకపోవడం న్యాయమని మైకులో చెప్పారు.

హోటలాయన మొదటి పళ్ళెంలోది కొరికి కళ్ళు మూసుకున్నాడు. "ఇదీ దాలాత్ అంటే. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన రుచి. గట్టిగా, గౌరవంగా ఉంది." అది ఖ్వాత్‌ది.

వంటలావిడ రెండో పళ్ళెం రుచి చూసి ముక్కు చిట్లించింది. "ఇదేంటో తేడాగా ఉంది. నోట్లో పెట్టగానే విడిపోతోంది. కొంచెం... మట్టివాసన కూడా వస్తోంది కదూ?"

"అవును, వస్తోంది," అన్నాడు పత్రికాయన రాసుకుంటూ. "చైనాదై ఉంటుంది."

వాళ్ళు అబద్ధం ఆడలేదు. అందుకే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. ఇన్నేళ్ళుగా దాలాత్ గడ్డ పేరుతో వాళ్ళు తిన్నది ఖ్వాత్ షెడ్డుదే. నాలుకలకి ఎప్పుడో చొక్కా తొడిగేశారు, ఇక అసలుది తగిలితే పరాయిదిలాగే ఉంటుంది.

నేను లువాంగ్‌నే చూస్తున్నాను. మొదటి పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని మింగాడు. రెండో పళ్ళెంలోంచి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత ఇంకో ముక్క తీసుకున్నాడు, ఇంకొకటి, అడుగున మిగిలిన పొడి కూడా వేలితో అద్దుకున్నాడు. ఏది దాలాత్ గడ్డ అని అడిగినప్పుడు, ఆ వేలు ప్యాంటుకి తుడుచుకుని, అదే చెయ్యి మొదటి పళ్ళేనికి ఎత్తాడు.

హ్వే వేదిక దగ్గరికి నడిచింది. "ఒక్కరు రండి. బండి మీద అరగంట దారి. చేనులో ఇంకా సగం తవ్వకుండానే ఉంది. మీ చేత్తో మీరే మొక్క పీకండి. ఇవే వస్తాయో ఇంకేవైనా వస్తాయో చూడండి."

క్వేన్ ఆకాశంలోకి చూసింది, తర్వాత తన బూట్లు చూసుకుంది. పాపం, ఆ పిల్ల రావాలనే అనుకుందేమో. లువాంగ్ అడ్డం వచ్చాడు. "వానకి దారి జారుడుగా ఉంటుంది మేడమ్. భోజనాలు కూడా సిద్ధంగా ఉన్నాయి."

అందరూ భోజనాలకి వెళ్ళారు. స్వదేశీ సరుకు గురించి అంత మాట్లాడినవాళ్ళలో అది పండే చోటు చూడ్డానికి అరగంట ఖర్చుపెట్టేవాడు లేకపోయాడు. కాసేపటికి ఒక గుమాస్తా వచ్చి హ్వే బుట్టల మీద 'మూలం తెలియని సరుకు' అని చీటీలు అంటించి, సంతలో ఉంచకూడదన్నాడు. ఆమె వాదించలేదు. వంటవాళ్ళ దగ్గరికి పోయి గిన్నెలో మిగిలిన తన గడ్డ ఒకటి అడిగి తీసుకుని, బోర్లించిన బుట్ట మీద కూర్చుని తినేసింది. తిన్నాక కాంగ్‌తో, "సరిగ్గా ఉడికించడం కూడా రాదు వీళ్ళకి," అంది.

సూపర్‌మార్కెట్ ఏడాది ఒప్పందం ఖ్వాత్‌కి వచ్చింది. మర్నాడు పొద్దున మైకులో మా ఊరి మట్టికి దక్కిన గౌరవం గురించి చాలాసేపు విన్నాం.

ఆ వారంలోనే ఖ్వాత్ జేసీబీ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. హ్వే నాకు కబురు పెట్టింది. మాట నా ముందు అనుకున్నదే కాబట్టి నేను ఉండాలంది. వాళ్ళు తాడు పట్టుకుని చేను కొలుస్తుంటే ఆమె గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. తవ్వని సగంలో ఆకు పండబారి వాలిపోయింది.

"ఖ్వాత్," అంది. "మట్టి ఎలాగూ నాదే కదా. నా గడ్డలు కూడా నీ బస్తాల్లో కలిపి పంపరాదూ? ఎంత ఇచ్చినా ఇవ్వు."

ఖ్వాత్ తల అడ్డంగా ఊపాడు. "కుదరదు వదినా. నీవి చిన్నా పెద్దా. చెయ్యి తగిలితే తోలు ఊడుద్ది. ఒక్క బస్తాలో కలిసినా, నకిలీవి కలిపావని సైగాన్ నుంచి ఫోను చేస్తారు. నాకు ఇప్పుడు పేరుంది. దాన్ని పాడుచేసుకోలేను."

ఇది ఎగతాళి కాదు. మనస్ఫూర్తిగా చెప్పాడు. జేసీబీ మనిషికి దగ్గొచ్చింది.

కొలతలయ్యాయి. తాడు చుట్టారు. ఎల్లుండి బండి వస్తుందన్నారు. కాంగ్ టీ తెచ్చాడు. ఖ్వాత్ తాగి, పోబోతూ, గేటు దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"ఇంకోటి వదినా. నాకో బుట్ట గడ్డలు ఇవ్వు. ఇంటికి."

"నీకెందుకు? షెడ్డు నిండా ఉన్నాయిగా."

"మా అమ్మ వాటిని ముట్టదు. పక్కటెముకల చారులో వేస్తే గడ్డ కరిగి చారు చిక్కబడాలంటది. మొన్న మా ఆవిడ షెడ్డువి వేసింది. ఇవి గులకరాళ్ళు, నన్ను చంపుదామనుకుంటున్నారా అని గిన్నె తోసేసింది. ముసల్ది రెండు రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఏం తింటోంది?"

ఖ్వాత్ తోలు బూటుతో నేల మీద గీశాడు. "నీవే. మీ తోడికోడలు దగ్గర మా ఆవిడ కొంటది. నువ్వు ఆమెకి ఇంట్లోకని ఇస్తావు కదా, అవి. మేమందరం అవే తింటాం. ఈసారి ఆమె దగ్గర అయిపోయాయంట."

హ్వే ఏమీ తొందరపడకుండా తాడు చుట్ట అతని చేతిలోంచి తీసుకుని జేసీబీ మనిషికి ఇచ్చేసింది.

"ఎల్లుండి రానక్కర్లేదు బాబూ. ఈ చేను ఇవ్వట్లేదు."

"అదేంటి వదినా?" ఖ్వాత్ నిజంగా బిత్తరపోయాడు. "మాటిచ్చావుగా."

"ఇచ్చాను. తప్పుతున్నా."

"ఏమే..." అన్నాడు కాంగ్.

"నువ్వు ఉండు. ఊరంతా కలిసి రోజుకి ఇన్ని లారీల అబద్ధం కొండ దింపుతోంది. నేను ఒకటి ఆడితే ఏ లారీ బరువెక్కుద్ది? సైగాన్‌కి తెలీక కొనలేదు, పోనీ అనుకున్నా. తెలిసినోళ్ళు దొంగచాటుగా నాది తింటూ, పైకి నా చేనుకి గొయ్యి కొలుస్తున్నారు. ఇక నా మాటకి విలువ నేనెందుకు కట్టాలి?"

ఖ్వాత్ నావైపు తిరిగాడు. "పెద్దన్నా, నువ్వు సాక్షివి. చెప్పు."

"నేను చెబితే పక్షపాతం అంటారు," అన్నాను. నాకు మాటలు తక్కువ, అవసరానికి ఎవరో ఒకరివి వాడుకుంటాను.

ఖ్వాత్ అరిచేవాడైతే అరిచేవాడు. "సరే, మట్టి ఇంకెక్కడైనా దొరుకుద్ది," అన్నాడు ఆఖరికి. "మరి మా అమ్మకి గడ్డలు?"

"బుట్టలో పెట్టి ఇవ్వను. చేను ఇక్కడే ఉంది. వచ్చి తవ్వుకో."

మర్నాడు వచ్చాడు. తల్లిని బండి వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి, గట్టు మీద స్టూలు వేసి గొడుగు కింద కూర్చోబెట్టాడు. అవే తోలు బూట్లతో చేనులోకి దిగి పార పట్టాడు. ముసలమ్మకి చూపు మందం గానీ చెవులు పాములవి. పార పడిన చప్పుడు వినే అరిచింది. "కోశావురా గడ్డని! పక్కనుంచి వెయ్యి, పక్కనుంచి. మట్టి అమ్ముకు బతుకుతావు, మట్టి తవ్వడం రాదు. మీ నాన్న ఉంటే నిన్నా షెడ్డులోనే పూడ్చేవాడు." హ్వే గట్టున కూర్చుని ఆ బుట్టకి సైగాన్ ధర చెప్పింది. ముసలమ్మే రొమ్మున దాచిన డబ్బులు తీసి ఇచ్చింది.

ఆ సంగతి ఊళ్ళో పాకింది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు పని దిగి, గోళ్ళలో ఎర్రమట్టితోనే, ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. సైగాన్‌కి పంపేవి వేరు, ఇంట్లో పిల్లలకి పెట్టేవి వేరు. అందరికీ హ్వే ఒకటే లెక్క చెప్పింది. ఎవరి గడ్డలు వాళ్ళే తవ్వుకోవాలి, బేరం లేదు.

అలాగని చేను గట్టెక్కిందని చెప్పను. ఊరు తినగలిగింది సగమే. మిగతావి మొలకలొచ్చి మళ్ళీ పందులకే పోయాయి. వచ్చే పంటకి విత్తనం కొనాలి. కాంగ్ వెళ్ళి ఖ్వాత్ షెడ్డులో పనికి కుదిరాడు. సాయంత్రం వచ్చి తొట్టి దగ్గర చేతులు రుద్దుకుంటూ, "నీ చేను నిలబెట్టడానికి నేను పరాయి గడ్డలకి చొక్కాలు తొడుగుతున్నానే," అని గొణిగాడు.

"తొడుగు. గుండీలు సరిగ్గా పెట్టు," అంది హ్వే.

పంట చివరి వరస మిగిలినప్పుడు లువాంగ్ పెళ్ళాం వచ్చింది. ఎండ కూడా లేదు, అయినా నుదుటి దాకా టోపీ, కళ్ళ కింది దాకా మాస్కు, మోకాళ్ళ దాకా ఎండకోటు. ఎవరూ గుర్తుపట్టకూడదని. బండి మాత్రం వార్డు ఆఫీసుదే.

"మాస్కు తీసి తవ్వు మరదలా, ఊపిరాడదు," అంది హ్వే పార అందిస్తూ. "ఇక్కడ పెద్దన్న, నేను మాత్రమే ఉన్నాం. గడ్డలు ఎవరికీ చెప్పవు."

ఆమె మాస్కు తియ్యలేదు. తవ్వింది మాత్రం బాగానే, రైతుబిడ్డే. ఒక బుట్ట నింపి రెండో బుట్ట తెరిచింది.

"ఇంతమంది ఉన్నారా మీ ఇంట్లో?" అంది హ్వే.

"ఒకటి మాకే వదినా. ఇంకొకటి రేపటికి. సైగాన్ మేడమ్ గారు మళ్ళీ వస్తున్నారంట, ఆ క్వేన్ గారు. మా ఇంట్లోనే భోజనం. మంచి గడ్డలు తెమ్మని ఆయన గట్టిగా చెప్పారు."

హ్వే లేచి వెళ్ళి రెండో బుట్ట ఎత్తి, అందులోవన్నీ మెల్లగా చాల్లోకి ఒంపేసింది. కాలితో పైన కాస్త మట్టి కూడా తోసింది.

"మొదటిది తీసుకుపో, పిల్లలు తింటారు," అంది. "ఆవిడకి ఇవి పడవు మరదలా. రుచి తేడాగా ఉంటుందంట. ఆవిడ కోసం షెడ్డుకి పో."